అర అంగుళం, సన్న మర

సోమలింగం జీపు మా వాకిట్లకు వచ్చి పదకొండు నెలలు.
అప్పటిసంది నాలుగు దిక్కుల ఇటుకల మీదనే నిలబడ్డది.
చక్రాలు మాత్రం ఇంట్ల, బియ్యం డ్రమ్ముకు ఆనిచ్చి.
ఎవరన్న ఎత్తుకపోతరని మా ఆమె భయం.

అవి మామూలు చక్రాలు కావు.
సోమలింగం బోరు పాయింట్లు చూసే మనిషి,
అరచేతిల కొబ్బరికాయ లేచి నిలబడితే ఆడ నీళ్ళన్నట్టు.
చింతపల్లి దిక్కు ఎవరికో రెండించుల నీళ్ళు పడ్డ సంబురంల
పట్నం పోయి తెచ్చుకున్న వెండిరంగు రిమ్ములు.
ఒక్కోదానికి అయిదు బొక్కలు, గుండ్రంగ ఉండయి,
వేపగింజ లెక్క సాగి ఉంటయి.
ఏ బండికైనా కూసుంటయని అమ్మినాయన చెప్పిండట.
అన్నిటికీ కూసునేది
దేనికీ కుదురుగ కూసోదని చెప్పలే.

పాత నట్లు తుప్పుకు కరుసుకపోతే
ఉలి పెట్టి పగలగొట్టించిన.
ఆనాడు మొదలైంది తిరుగుడు.

నల్లగొండ గడియారం సెంటర్ల దుకాణపాయన
తల ఎత్తకుండనే గుప్పెడు నట్లు పోసిండు.
పన్నెండు ఎమ్మెం మూతి కూడ పెట్టలే.
పద్నాలుగు పెడితే,
నాయిన చెప్పుల పిల్లగాని కాలు.
జడ్చర్లల లారీల కాడ అర అంగుళానిది దొరికింది,
రెండు చుట్లు ఎక్కి పండ్లు బిగబట్టింది.
"ఇది దొడ్డు మర, నీది సన్న మర" అన్నడు క్లీనరు.
సన్నం, దొడ్డు
వడ్లకే అనుకున్న ఇన్నేండ్లు.

సూర్యాపేటల సన్న మరవే దొరికినయి, ఇరవై.
కుడి ముందుచక్రానికి ఊపిరి బిగబట్టి బిగించిన.
చేతితోటి ఊపితే
చక్రం మెల్లగ తల ఊపింది, కాదు కాదు అన్నట్టు.
ఎడమ దిక్కయితే ఒక్క చుట్టు ఎక్కలే.
బోల్టు మర చెడిందనుకొని
ఆకురాయి తీసి గీకిన.
ఆ సంగతి ఎవరికీ చెప్పలే.

ఆఖరికి ఎడమ హబ్బును గోనెసంచిల కట్టుకొని
మిర్యాలగూడ బస్సెక్కిన.
రైసుమిల్లుల వెనక లతీఫ్ సాబ్ లేతు మిషను.
సాబ్ కండ్లకు పొర వచ్చింది,
ఇప్పుడు మిషను కాడ నిలబడేది బిడ్డ నస్రీన్.
ఇనుప దువ్వెన లాంటిది బోల్టు మీద ఆనిచ్చి
"అంగుళానికి ఇరవై" అన్నది.
రిమ్ము బొక్కల వేలు పెట్టి అటూ ఇటూ కదిపింది.
"దీనికి మెడ ఉన్న నట్టు కావాలె, బొక్కల దిగేటట్టు.
కింద పక్కకు జరిగిన బొక్క వాషరు.
చక్రాన్ని నడుమ నిలబెట్టేది వాషరే, నట్టు కాదు."

తర్వాత గీకిన బోల్టు దిక్కు చూసింది.
నా దిక్కు చూసింది.
"కొసకు చూడు అన్నా, చిన్నగ రాత ఉన్నది.
ఇది ఎడమ మర. ఇప్పే దిక్కు తిప్పితే బిగుస్తది.
పాత జీపులు గట్లనే, నడుస్తనే నట్టు ఊడకుండ."
"మరి ఇది?" అన్న, గాయం మీద వేలు పెట్టి.
"ఎక్కుతది. కానీ బిగియదు.
నాలుగు మొయ్యనీ,
అయిదోది ఆకురాయి యాదికి ఉండనీ."
లోపలి మంచం మీద లతీఫ్ సాబ్ నవ్విండు,
దగ్గు వచ్చేదాక.

ఇరవై చేసిచ్చింది, పది కుడివి, పది ఎడమవి.
ఎడమవాటికి ఎర్రదారం కట్టింది.
ఇటుకల మీదికెంచి జీపు దిగినప్పుడు
నేల మీద నాలుగు తెల్లటి మచ్చలు, చీమలు.
ఇంట్ల బియ్యం డ్రమ్ము బోసిగ నిలబడ్డది.

మల్లేపల్లి దాకా పోయి వచ్చిన. స్టీరింగు వణకలే.
ఎడమ చక్రం కాడ కూసుంటే మాత్రం
ఇప్పటికీ నా చెయ్యి ముందుగాల కుడికే పోతది.

సోమలింగానికి ఫోన్ చేసిన, కుదిరినయని.
కొంచెంసేపు ఏం మాట్లాడలే.
"తొమ్మిదేండ్లు నడిపిన తమ్ముడూ.
స్టీరింగు వణికిన కాడల్లా
కింద నీళ్ళున్నయి కావచ్చనుకొని
బండి ఆపేటోణ్ణి."